మిరప బట్టలు వేరు, మనుషుల బట్టలు వేరు

మా పాత వాషింగ్ మెషిన్ మిరపకోతలు మొదలైన వారంలోనే ఆగిపోయింది. దానికి రెండు తొట్లు. ఒకటి ఉతికేది, ఒకటి పిండేది. పిండేటప్పుడు ఉన్నచోట ఉండేది కాదు, వరండా అంతా నడిచేది. నేను ఒక కాలు అడ్డం పెట్టి నిలబడేదాన్ని. పదకొండేళ్ళు అలా నిలబడ్డాను. అది ఆగిపోయిన రోజున ఇంట్లో మిగతా ముగ్గురికీ కొత్తది వస్తుందన్న సంతోషం కలిగింది. నాకు మాత్రం ఆ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ముగ్గురంటే మా ఆయన, మా అబ్బాయి, మా కోడలు. మా ఆయన సొంత ఎకరన్నరకు తోడు కొంత కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. అబ్బాయి ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కోడలు నందిగామలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, హైవే దిగి లోపలికి పోవాలి.

ఇలాంటి ఇంట్లో బట్టలు ఉతకడం ఒక పని కాదు, మూడు పనులు. మిరపచేలో తిరిగొచ్చిన బట్టలు విడిగా ఉతకాలి. వాటిని చన్నీళ్ళలోనే నానబెట్టాలి. వేన్నీళ్ళు తగిలితే ఘాటు లేచి ఇల్లంతా దగ్గుతుంది. ఆ నీళ్ళు పారబోశాక తొట్టి కడగకుండా ఇంకో బట్ట వేస్తే, అది వేసుకున్నవాళ్ళు ఆ రోజంతా కుదురుగా కూర్చోలేరు. ఫ్యాక్టరీ బట్టలది ఇంకో దారి. వాటిని ముందు దులపాలి. దులపకుండా నానబెడితే జేబు మూలల్లో సిమెంటు గట్టిపడుతుంది, గోరుతో గీకినా రాదు. మూడోవి మామూలు బట్టలు. వాటిని మేము మనుషుల బట్టలు అంటాము. మిరప బట్టలు వేరు, మనుషుల బట్టలు వేరు అని కోడలు కాపురానికొచ్చిన మొదటి రోజే చెప్పాను. అత్తగారి మొదటి మాట ఇదేమిటని ఆ పిల్ల బిత్తరపోయింది. వారం తిరక్కుండానే చేతికందిన తువ్వాలుతో మొహం తుడుచుకుని తనంతట తనే తెలుసుకుంది.

పాత మెషిన్ వచ్చేనాటికి నాకు అక్షరాలు రావు. దాని మీద ఏదో రాసి ఉండేది. అదేమిటో నాకు అక్కర్లేకపోయింది. ఎదురింటావిడ దగ్గర గోళ్ళరంగు సీసా అడిగి తెచ్చి, మిరప బట్టలకు మీట ఎంతవరకు తిప్పాలో అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టుకున్నాను. మీట చుక్క దగ్గరికొస్తే నా పని అయినట్టే. ఎవర్నీ అడిగింది లేదు.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మా చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారి భార్య సాయంత్రంపూట మందిరం వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. మా ఆయనకు ఇప్పటికీ రావు. నేను పలక పట్టుకుని బయల్దేరితే, "ఎక్కడికే, కలెక్టరాఫీసుకా" అనేవాడు. నాకు కలెక్టరు కావాలని లేదు. ఒకసారి నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు ఏదని అడిగితే ఎవరో చెయ్యి చూపించారు. ఎక్కాను. మైలవరంలో దించారు. ఆ రోజు ఇల్లు చేరేలోపు ఎంతమందిని అడిగానో, ఎంతమంది నన్ను పైనుంచి కిందికి చూసి చెప్పారో నాకే తెలుసు. అడగడం తప్పు కాదు. ప్రతిదానికీ, ప్రతిరోజూ అడగాల్సి రావడమే మనిషిని చిన్నబుచ్చుతుంది. ఇప్పుడు బస్సు బోర్డు నేనే చదువుతాను. నిదానంగా చదువుతాను కాబట్టి ఒక్కోసారి చదవడం పూర్తయ్యేలోపే బస్సు కదిలిపోతుంది. అయినా కదిలిపోయింది ఏ ఊరి బస్సో నాకు తెలుస్తుంది.

అందుకని కొత్త మెషిన్ మాట వచ్చినప్పుడు నేను కోరింది ఒక్కటే.

"నేను ఎవర్నీ అడక్కుండా నడుపుకునేది కావాలి."

"అడిగే పనేముందమ్మా, అంతా ఆటోమేటిక్కే," అన్నాడు మా అబ్బాయి.

"దాని మీద రాసింది నాకు తెలవాలి గదా."

"నీ ఒక్కదాని కోసం తెలుగు మెషిన్ ఎవడు చేస్తాడే," అన్నాడు మా ఆయన.

"ఉతికేది నేనొక్కదాన్నే గదా," అన్నాను.

మా ఇంట్లో జవాబు లేని మాటను వినపడని మాట కింద జమకడతారు.

తర్వాత పదిహేను రోజులు మా అబ్బాయి ఫోనులో మెషిన్లు చూశాడు. ఒకాయన మెషిన్‌ను విప్పి పేగులన్నీ బయటపెట్టి చూపించేవాడు. ఒకావిడ కావాలని తెల్లచొక్కా మీద కూర పోసి, ఉతికి, మరకపోయిందని సంబరపడేది. ముందు ఆ కూర పొయ్యకుండా ఉంటే సరిపోయేది గదా అని నేను అడిగితే, "నీకు అర్థం కాదులేమ్మా" అన్నాడు. ఈలోగా కబురు ఊరంతా పాకింది. ఆదివారం మందిరం నుంచి బయటికొస్తే చెప్పుల దగ్గర ఇదే చర్చ. బట్టలు పైనుంచి వేసేది మంచిదని సగం మంది, ముందునుంచి వేసేది మంచిదని సగం మంది. పంచాయతీ ఎన్నికలకు కూడా మా వీధి అంత నిక్కచ్చిగా రెండుగా చీలలేదు. సలహా చెప్పినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళ లుంగీలు ఎవరు ఉతుకుతారో ఊరందరికీ తెలుసు.

చివరికి నలుగురం జగ్గయ్యపేట వెళ్ళాం. కొట్టు చల్లగా ఉంది. టై కట్టుకున్న సేల్స్ అతను ఎదురొచ్చి మా అబ్బాయిని సార్ అన్నాడు, కోడల్ని మేడమ్ అన్నాడు, మా ఆయన్ని బాబాయ్ గారూ అని కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. మెషిన్లు బారుగా నిలబడి ఉన్నాయి. ప్రతిదానికీ ముందువైపు గుండ్రటి గాజు తలుపు.

"ఇది చూడండి సార్. ఇందులో ఏఐ ఉంది. బట్ట ఏంటో అదే కనిపెట్టుద్ది."

"మిరప బట్ట కనిపెట్టుద్దా?" అని అడిగాను.

అతను మొదటిసారి నావైపు తిరిగాడు. "అదేం క్లాతమ్మా?"

"క్లాతు కాదయ్యా. మిరపచేలో వేసుకు తిరిగిన బట్ట."

"ఇది బరువు చూసుద్దండి. కాటనా, మెత్తటి బట్టా అని చూసుద్ది."

"ఘాటు చూడదా?"

"ఘాటు చూడదండి," అని ఒప్పుకున్నాడు. పాపం, అబద్ధం చెప్పే మనిషి కాదు. వెంటనే మళ్ళీ మా అబ్బాయి వైపు తిరిగిపోయాడు. "ఇంకోటి సార్. దీన్ని ఫోన్లోనే ఆన్ చేసుకోవచ్చు. మీరు డ్యూటీలో ఉండి గూడా ఇంట్లో బట్టలు ఉతకొచ్చు."

మా అబ్బాయి మొహం వెలిగిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా ఇంట్లో ఉండి ఒక్క రుమాలు ఉతకనివాడికి, ఇంట్లో లేకుండా ఉతకొచ్చన్నది బాగా నచ్చింది.

"ఫోన్లో ఉతికితే బట్టలు లోపల ఎవరేస్తారు?" అన్నాను.

"అది మీరే వెయ్యాలమ్మా."

"తీసి ఆరేసేది?"

"అందుకే గదమ్మా డ్రయరు," అంటూ అతను పక్కకు జరిగి, దాని పక్కనే ఉన్న రెండోదాన్ని చూపించాడు. చూడ్డానికి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి ఉతికేది, ఒకటి ఆరబెట్టేది. రెండూ కలిపి తీసుకుంటే జోడీ ఆఫరు. ఎండతో పనిలేదు, తాడుతో పనిలేదు.

అంతవరకూ కుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన లేచి వచ్చాడు. "ఇది తడి ఎంతవరకు లాగుద్ది?"

"మొత్తం లాగేసుద్ది బాబాయ్ గారూ."

"మరీ లాగితే పెళుసెక్కిపోవూ?"

"పెళుసేంటండి, మెత్తగా వస్తాయి. సెన్సారుంటది. తడి పోయిన చోట అదే ఆగిపోద్ది."

"ముసురు పట్టినా గూడానా?"

"వానకీ దీనికీ సంబంధమే లేదండి."

మా ఆయన గాజు తలుపు తీసి లోపలికి తల పెట్టి చూశాడు. చెయ్యి పెట్టి డ్రమ్ము గిర్రున తిప్పాడు. జానలు వేసి కొలిచాడు. బట్టల విషయంలో ఆయన అంత శ్రద్ధ చూపడం మా పెళ్ళయ్యాక ఎన్నడూ లేదు.

"మావయ్యకి డ్రయరు బాగా నచ్చినట్టుందత్తయ్యా," అంది కోడలు.

"బట్టల మీద ఆయనకి ఎప్పుడూ ధ్యాస లేదే," అన్నాను. ఇద్దరం అంతకంటే లోతుకు పోలేదు. అక్కడే పొరబడ్డాం.

నేను మీట కోసం వెతికాను. మీట లేదు. దాని బదులు నల్లటి అద్దం ఉంది. వేలు ఆనిస్తే ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతున్నాయి, తీస్తే ఆరిపోతున్నాయి. పిల్లలు ముట్టుకోకుండా దానికి తాళం కూడా ఉందని అతను చెప్పాడు. నాలాంటివాళ్ళు ముట్టుకోకుండా కూడా అదే పనికొస్తుందని నాకు అర్థమైంది.

ఇంకో కొట్టు కూడా చూస్తే గాని తృప్తి ఉండదని మా అబ్బాయి మరుసటి వారం నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ ఒక మూల నాకు కావలసింది కనిపించింది. పెద్ద గుండ్రటి మీట. తిప్పితే ఒక్కో మెట్టు దగ్గర టక్కుమని ఆగుతోంది. మొత్తం ఏడు టక్కులు. చుట్టూ బొమ్మలు వేసి ఉన్నాయి. చన్నీళ్ళకు ఒక బొమ్మ, వేన్నీళ్ళకు ఒక బొమ్మ. కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకోవచ్చు. నేను ఆ మీటను ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పాను.

"ఇది," అన్నాను.

"అది పాత మోడలమ్మా. ఇప్పుడెవరూ తీసుకోవట్లేదు," అన్నాడు అక్కడి సేల్స్ అతను.

"నేను తీసుకుంటున్నా గదా."

అతను మా అబ్బాయి మొహం చూశాడు. కొట్లలో ఆడవాళ్ళు ఏదన్నా అడిగితే దానికి జవాబు మగవాళ్ళ మొహం మీద రాసి ఉంటుంది కాబోలు.

"నడిపేది అత్తయ్య గదండీ," అంది కోడలు. "అత్తయ్యకి నచ్చిందే చూద్దాం."

"రెండేళ్ళకి ఇది పాతదైపోద్దమ్మా," అన్నాడు అబ్బాయి.

"నేనూ అంతే గదరా."

"దీనికి డ్రయరు జోడీ ఉందా?" అని మా ఆయన అడిగాడు. లేదన్నాడు అతను. "అయితే ఇది కాదు," అని మా ఆయన తేల్చేసి బయటికి నడిచాడు. మా పెళ్ళిచూపుల్లో కూడా అందర్నీ అడిగారు, వచ్చిన ఆటో అతన్ని కూడా పిల్ల ఎలా ఉందని అడిగారు. నన్ను తప్ప.

జగ్గయ్యపేట నుంచి జోడీ దిగింది. మా ఊరి బడి మాస్టారు కొడుకు పెళ్ళికి వచ్చినంత మంది వచ్చి చూసిపోయారు. బిగించిన అతను దాన్ని మా అబ్బాయి ఫోనుకు కలిపి, అబ్బాయి చేతనే రెండుసార్లు నొక్కించి వెళ్ళిపోయాడు. ఉతకడం అయిపోతే అది ఒక పాట పాడుతుంది. పాట బాగానే ఉంటుంది. మొదలుపెట్టడం ఎలాగో మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు.

"నువ్వు బట్టలేసి ఫోన్ చెయ్యమ్మా చాలు. నేను ఇక్కణ్ణుంచి నొక్కుతా," అన్నాడు అబ్బాయి.

మూడోనాడు నేను ఇంకా మిరప బట్టలు విడదీస్తూ ఉండగానే, వెనక మెషిన్ తనంతట తనే గుర్రుమంది. తలుపు తాళం పడిపోయింది. అబ్బాయికి ఖాళీ దొరికిందని ముందుగానే నొక్కేశాడట. మెషిన్ గంటసేపు ఏమీ లేనిదాన్ని శుభ్రంగా ఉతికింది. నేను బట్టలబుట్ట పక్కన పెట్టుకుని గాజు తలుపులోంచి చూస్తూ కూర్చున్నాను. చివర్లో పాట కూడా పాడింది. ఇంకోరోజు బట్టలన్నీ వేసి, తలుపు మూసి ఫోన్ చేశాను.

"ఒరే, చన్నీళ్ళది నొక్కు. మిరప బట్టలు."

"టీకొచ్చానమ్మా. టీ తాగొచ్చి నొక్కుతా."

ఫోన్ పెట్టేశాను. నందిగామ బస్టాండులో అడగడం మానేసినదాన్ని, మా వరండాలో మా లుంగీలు ఉతకడానికి అడుగుతున్నాను. ఆ పూట నేను బట్టలు బయటికి తీసి బండ మీద వేసి ఉతికాను. టీ తాగి నొక్కినట్టున్నాడు, మెషిన్ మళ్ళీ ఖాళీగా తిరిగింది.

"మీ అమ్మకి కొత్తది పడట్లేదురా," అన్నాడు మా ఆయన సాయంత్రం. బండ మీది బట్టలు చూసి అన్న మాట అది.

ఇదిలా ఉండగా కల్లంలో కాయ ఎండుతున్న సమయంలో మబ్బు పట్టింది. పట్టాలు కప్పేలోపే జల్లు పడి ఒక అంచు కాయ తడిసింది. మూడు రోజులు ముసురు వదల్లేదు. తడిసిన కాయ ఆరకపోతే బూజు పడుతుంది, తెల్లబోయిన కాయను మిర్చి యార్డులో ఎవరూ ముట్టుకోరు. మా ఆయన గుప్పిట్లో కాయలు పట్టి నలిపి చెవి దగ్గర పెట్టుకుని, గలగల రావడం లేదని గంటకోసారి దిగులుపడేవాడు.

శనివారం నేనూ కోడలూ మందిరం కడగడానికి వెళ్ళాం. మర్నాడు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారపు ఆదివారం. అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి వరండాలో ఘాటుగా ఉంది, ఇద్దరం దగ్గాం.

"ఎదురింట్లో పోపు మాడ్చినట్టున్నారు," అన్నాడు మా ఆయన.

అంతకంటే వింత ఇంకొకటి కనిపించింది. వరండా తాడు మీద నాలుగు దిండు గలీబులు ఆరేసి ఉన్నాయి.

"ఇవి ఎవరు ఉతికారు?"

"నేనే. మాసినయ్ గదా అని."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆయన తన చేత్తో ఉతికిన బట్టలు చూడడం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎందుకు తిరిగాయో అప్పుడు నాకు సరిగ్గా తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే కోడలు సంస్కారానికి అందరి తెల్లబట్టలూ ఉతికి డ్రయరులో వేసింది. మా చీరలు, మగవాళ్ళ చొక్కాలు, రుమాళ్ళు. బయట ముసురు, లోపల బట్టలు వెచ్చగా, పొడిగా వచ్చాయి. నిజం చెప్పాలంటే నాకు కూడా హాయిగా అనిపించింది. ముసురులో తడి పంచెలతో మందిరానికి వచ్చినవాళ్ళ మధ్య మా నలుగురం మడత నలగకుండా కూర్చున్నాం. కొంచెం గర్వంగానే కూర్చున్నాం.

పాటలు అయ్యేవరకు బాగానే ఉంది. మోకాళ్ళ మీద ప్రార్థన మొదలయ్యాక నాకు మెడ చుట్టూ చిమచిమలాడింది. తర్వాత నడుము. పక్కన కోడలు కొంగుతో మెడ తుడుచుకుని, అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవతల మా ఆయన రుమాలు తీసి మొహం ఒత్తుకున్నాడు. ఒత్తుకున్నకొద్దీ నీళ్ళు కారాయి. కారినకొద్దీ ఒత్తుకున్నాడు. అబ్బాయి చొక్కా చెయ్యితో తుడుచుకుని ఒక్కసారి వెక్కినట్టు ఊపిరి పీల్చాడు.

ఆ రోజు అయ్యగారి వాక్యం పశ్చాత్తాపం గురించి. ఆయన మంచి మనిషి. ప్రసంగం మధ్యలో కునుకు తీసే మా ఆయన మనసు కరగాలని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసిన మనిషి. అలాంటిది మా వరుసంతా కళ్ళు ఎర్రబడి, ముక్కులు కారుతూ, మోకాళ్ళ మీద అటూ ఇటూ మెలికలు తిరగడం చూసి ఆయన ప్రార్థన ఆపేశారు.

"సంఘమా, ఈ కుటుంబాన్ని చూడండి," అన్నారు. సంఘం చూసింది. "సహోదరుడా, లేచి సాక్ష్యం చెప్పు. దేవుడు నీతో ఏం మాట్లాడుతున్నాడో చెప్పు."

మైకు మా ఆయన చేతికి వచ్చింది. ఆయన లేచాడు. కళ్ళు తెరవలేకపోతున్నాడు.

"అయ్యగారూ, ఇంట్లో వాళ్ళకి తెలీకుండా నేనొక పని చేసానండి."

"చెప్పు నాయనా. దాచుకోకు."

"డ్రయర్లో మిరపకాయలేసానండి. దిండు గలీబుల్లో మూట కట్టి, బట్టలని చెప్పి మావోడి చేత ఫోన్లో నొక్కించానండి."

అప్పుడు వెనక వరుసలోంచి ఎవరో రైతు అడిగాడు, "ఎండినయ్యా?"

"సుబ్బరంగా ఎండినయ్," అన్నాడు మా ఆయన, మైకులోనే.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఎవరూ మా కళ్ళ సంగతి అడగలేదు. ఒక విడతకు ఎన్ని కాయలు పడతాయని అడిగారు. గింజ రాలుతుందా అని అడిగారు. మా ఆయన మొహం వాచిపోయి ఉన్నా ప్రతివాడికీ ఓపిగ్గా చెప్పాడు. ఆయన మాట అంత మంది అంత శ్రద్ధగా వినడం మందిరం ఆవరణలో అదే మొదటిసారి. నేనూ కోడలూ ఇంటికి పరుగెత్తి చన్నీళ్ళు దిమ్మరించుకున్నాం.

డ్రయరును శుభ్రం చెయ్యడానికి కోదాడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వెనక జల్లెడ లాంటిది బయటికి లాగాడు. నూలుపీచు పట్టుకునే జల్లెడ అది. దాన్నిండా ఎర్రటి కారం. ఆయన రెండుసార్లు తుమ్మి, మా ఆయన వైపు చూశాడు.

"గిది బట్టల మిషిను పెద్దాయనా, మిర్చి మిల్లు గాదు. పుస్తకం సదువలేదా ఎవరూ?"

"పుస్తకం ఉందా?" అన్నాను నేను.

మా అబ్బాయి బీరువాలోంచి తీసుకొచ్చాడు. కవరు కూడా చింపలేదు. "అంతా ఫోన్లో ఉందని తియ్యలేదమ్మా," అన్నాడు. కవరు చింపి తిరగేశాను. ఇంగ్లీషు, హిందీ, ఇంకా ఏవేవో గుండ్రటివీ పలకలవీ అక్షరాలు. ఆఖరికి దగ్గరపడ్డాక నాకు తెలిసిన అక్షరాలు కనిపించాయి. ఒకటి కాదు, ఇరవై పేజీలు.

"తెలుగు గూడా ఉందా ఇందులో?" అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. రెండు నెలలుగా అది మా బీరువాలో, మా ఆయన పెళ్ళిపంచె కింద ఉంది.

ఆ పుస్తకం చదవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. అందులో అక్షరాలు నాకు తెలిసినవే, మాటలే ఎవరికీ తెలియనివి. "ఉపకరణ ద్వారము మూయబడినదని నిర్ధారించుకొనుము" అని ఉంది. తలుపు వేశావో లేదో చూసుకో అని అర్థమట. కోడలికి చూపిస్తే ఆ పిల్ల కూడా రెండుసార్లు చదివింది. మెషిన్ను నాకు అర్థం కాకుండా చేసినవాళ్ళే పుస్తకం కూడా రాశారని తెలిసిపోయింది. కానీ దాంట్లో నల్లటి అద్దం బొమ్మ ఉంది. ప్రతి గుర్తు పక్కనా ఒక అంకె, కింద ఆ అంకె ఏ పని చేస్తుందో తెలుగులో ఉంది. అంకెలు నాకు అక్షరాల కంటే ముందునుంచే వచ్చు. మూడోది చన్నీళ్ళు. ఆరోది ఎక్కువసార్లు జాడించడం. తాళం తియ్యడానికి ఎనిమిదోది మూడు క్షణాలు ఒత్తిపట్టాలి. ఫోను ప్రమేయం తీసెయ్యడానికి కూడా ఒకటుంది. దాన్ని అన్నిటికంటే ముందు నేర్చుకున్నాను.

పద్దెనిమిదో పేజీలో బట్టలు కాని వస్తువులను ఆరబెట్టరాదు అని ఉంది. ఆ వాక్యం మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను.

"మిరపకాయలని రాసారా?" అన్నాడు.

"లేదు."

"మరింకేం."

అందుకని నేనే రాశాను. దెబ్బలకు వేసే ప్లాస్టరు ముక్కలు కత్తిరించి, బాల్ పెన్నుతో రాసి, అద్దం మీద గుర్తుల కింద వరసగా అతికించాను. మిరప. సిమెంటు. మనుషులు. డ్రయరు తలుపు మీద కొంచెం పెద్ద ముక్క, మిరపకాయలు వెయ్యరాదు అని. నా రాత వంకరగా ఉంటుంది, సున్నాలు ఒక్కోటి ఒక్కో సైజు. ఆ రోజు మిరప బట్టలు వేసి, మూడోది నొక్కి, ఆరోది నొక్కాను. మెషిన్ కదిలింది. నేను అలవాటుగా ఒక కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను. అది ఎక్కడికీ నడవలేదు. అయినా పాట పాడేదాకా కాలు తియ్యలేదు.

"కొత్త మెషిన్‌కి ఈ ప్లాస్టర్లేంటమ్మా, ఆస్పత్రి నుంచి వచ్చినట్టుంది," అన్నాడు అబ్బాయి.

"ఫోన్ చేసి నిన్ను అడిగానా?" అన్నాను.

"లేదు."

"అదీ సంగతి."

నాలుగు రోజుల తర్వాత మా ఆయన చేను నుంచి వచ్చి, లుంగీ, చొక్కా తానే తీసుకెళ్ళి మెషిన్‌లో వేశాడు. మందిరంలో జరిగిన దాని తర్వాత తన మిరప బట్టలు తానే ఉతుక్కోవాలని కోడలు పెట్టిన షరతు అది. తలుపు మూశాడు. ప్లాస్టరు ముక్కల వైపు చూశాడు. ఆయనకు అవి చీమలు పాకినట్టు కనిపిస్తాయని నాకు తెలుసు. నాకూ అలాగే కనిపించేవి.

"ఏమే, వీటిల్లో ఏది నొక్కాలి?"

నేను వంటింటి గడప మీద టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాను. "టీ తాగొచ్చి చెప్తా," అన్నాను.

ఆయన వేలు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. అన్ని వైపులా చూస్తున్నాడు, ఎవరన్నా చెయ్యి చూపిస్తారేమో అన్నట్టు. నేను నిదానంగా తాగాను. చాలా బాగుంది టీ. సగం తాగేసరికి ఎందుకో రుచి పోయింది. మైలవరం బస్టాండులో నేను కూడా అలాగే నిలబడ్డాను.

గ్లాసు కింద పెట్టి, కోడలి గదిలోంచి గోళ్ళరంగు సీసా తెచ్చాను. మూడో గుర్తు కింద ఒక ఎర్ర చుక్క, ఆరో గుర్తు కింద ఇంకో ఎర్ర చుక్క పెట్టాను.

"ముందు ఇది, తర్వాత అది. ఇంకెప్పుడూ నన్ను అడిగే పన్లేదు," అన్నాను.

ఆయన వంగి చూశాడు. "రెండోది వంకరగా పెట్టావే," అన్నాడు. అని, ముందు మొదటి చుక్క, తర్వాత రెండో చుక్క నొక్కాడు.